చిన్న డాట్ల వెలుగు ఎటు పోయింది?

ప్రశ్న: మేడమ్, మా ప్రాజెక్టులో రెండు సైజుల కాడ్మియం సెలెనైడ్ క్వాంటం డాట్లు (కొన్ని నానోమీటర్ల అర్ధవాహక కణాలు; చిన్నవి ఆకుపచ్చగా, పెద్దవి ఎర్రగా వెలుగుతాయి) కలిపి గాజు పలక మీద పల్చటి ఫిల్మ్ వేశాం. పల్చటి ద్రావణంలో ఆకుపచ్చ, ఎరుపు రెండూ బాగా వెలిగాయి. ఫిల్మ్‌లో మాత్రం ఆకుపచ్చ దాదాపు పోయింది, ఎరుపు పెరిగింది. చిన్న డాట్ల వెలుగును పెద్దవి పీల్చుకుంటున్నాయా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: పీల్చుకోవడం కొంత ఉండొచ్చు. కానీ ఇంత పల్చటి ఫిల్మ్‌లో ఆకుపచ్చ అంతగా పడిపోయిందంటే శక్తి వేరే దారిలో వెళ్తోందనే నా నమ్మకం. చిన్న డాట్ వెలగకముందే దాని శక్తి పక్కనున్న పెద్ద డాట్‌కు చేరిపోతుంది. మధ్యలో ఫోటాన్ బయటికి రాదు. చిన్న డాట్‌లోని ఎలక్ట్రాన్–హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జంట విద్యుత్ క్షేత్రమే పొరుగు డాట్‌ను ఉత్తేజపరుస్తుంది. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను ఉత్తేజపరచడానికి కావాల్సిన కనీస శక్తి) చిన్న డాట్లలో ఎక్కువ, అందుకే శక్తి చిన్నదాని నుంచి పెద్దదానికి వెళ్తుంది. దీని సిద్ధాంతం 1940ల్లో థియోడర్ ఫోర్‌స్టర్ ఇచ్చారు. మీలాగే రెండు సైజుల కాడ్మియం సెలెనైడ్ డాట్లు కలిపి, 1996లో కేగన్, బావెండి బృందం దీన్ని చూపించింది. ఆ బావెండికే 2023లో రసాయన నోబెల్ వచ్చింది.

ఇక్కడ దూరమే కీలకం. బదిలీ వేగం దూరం ఆరో ఘాతానికి విలోమంగా తగ్గుతుంది. ఒక డాట్ల జంటకు 5 నానోమీటర్ల దగ్గర సగం శక్తి బదిలీ అవుతుందనుకోండి. 10 దగ్గర ఒకటిన్నర శాతమే వెళ్తుంది, 2.5 దగ్గర 98 శాతం పైనే. ద్రావణంలో డాట్లు ఎడంగా ఉంటాయి కాబట్టి రెండు రంగులూ మిగిలాయి.

ఏ రంగు ఎంత వెలిగిందో చూపే స్పెక్ట్రమ్ ఒక్కటే చూసి రిపోర్టు రాయకండి. ఆకుపచ్చ వెలుగు ఎంతసేపట్లో ఆరిపోతోందో కొలవండి. ఈ కొలత లేనిదే నా విద్యార్థుల రిపోర్టు మీద నేను సంతకం పెట్టను. వెలుగు బయటికొచ్చాక పెద్ద డాట్లు పీల్చుకుంటే చిన్న డాట్ల జీవితకాలం (వెలుగు ఆరిపోవడానికి పట్టే సమయం) తగ్గదు. నేరుగా బదిలీ అయితే తగ్గుతుంది. అయితే ఫిల్మ్‌లో లోపాల వల్ల కూడా అది తగ్గొచ్చు. అందుకే చిన్న డాట్లు మాత్రమే ఉన్న ఫిల్మ్ ఇంకొకటి వేసి, దానితో పోల్చండి. ఎరుపు కొలతనూ వదలొద్దు: ఆకుపచ్చ తగ్గే వేగంతోనే మొదట్లో ఎరుపు పెరుగుతూ కనిపిస్తే, ఇక గైడ్ దగ్గర టెన్షన్ అక్కర్లేదు.