లాభాల స్క్రీన్‌షాట్లు చూపించి ట్రేడింగ్ కోర్సు అమ్మేవాళ్లను నమ్మొచ్చా?

20 వేలు కట్టి ట్రేడింగ్ కోర్సులో చేరమంటున్నారని, లాభాల స్క్రీన్‌షాట్లు చూపిస్తున్నారని రాశారు. కోర్సు సంగతి తర్వాత, స్క్రీన్‌షాట్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. నేను బెంగళూరులో వెబ్ డెవలపర్‌ని. బ్రోకర్ పేజీ మీద రైట్ క్లిక్ కొట్టి 'ఇన్‌స్పెక్ట్' తెరిస్తే నష్టం ముందున్న మైనస్ గుర్తు ఎగరగొట్టడానికి అర నిమిషం చాలు.

మా పిన్ని కొడుకు మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. ఓ ఆదివారం 99 రూపాయలు కట్టిన 'లైవ్' వెబినార్‌కి నన్నూ కూర్చోబెట్టాడు. పాఠం పావుగంట ఉందేమో, మిగతాదంతా కారు, దుబాయ్, చిన్నప్పటి కష్టాలు. చివర్లో "ఇంకా ఏడు సీట్లే" అంటూ టైమర్. పేజీ రిఫ్రెష్ చేస్తే అది మళ్లీ మొదటి నుంచి తిరగడం మొదలుపెట్టింది! చాట్‌లో "సార్, మీ సెబీ నంబర్ చెప్తారా?" అని అడిగాను (సెబీ అంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ). జవాబు రాలేదు, నన్ను తీసేశారు. మావాడు పడీపడీ నవ్వాడు, కార్డు మాత్రం జేబులో పెట్టేసుకున్నాడు.

ఫీజు తీసుకుని ఫలానా షేరు కొనమని చెప్పాలంటే సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. సలహాదారు నంబర్ ఐఎన్ఏతో, రీసెర్చ్ అనలిస్టుది ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో వెతికితే దొరుకుతుంది. "మాది ఎడ్యుకేషన్ మాత్రమే" అని తప్పించుకునేవాళ్లు ఉంటారు. రేపు నిఫ్టీ (షేర్ మార్కెట్ సూచీ) ఎంత దాకా పోతుందో చెప్పేది పాఠం ఎలా అవుతుంది, టిప్ కాకపోతే?

2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే రిస్కు ఎక్కువున్న ట్రేడింగ్)లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే లెక్క తేల్చింది. అందుకే మీ సారుకి డబ్బు ట్రేడింగ్‌లో వస్తోందా, కోర్సుల్లో వస్తోందా అన్నది చూడాలి. "నా లింకుతోనే డీమ్యాట్ (షేర్లు ఉంచుకునే ఖాతా) తెరవండి" అంటే మీ బ్రోకరేజీలో ఆయనకు వాటా ఉండొచ్చు. అప్పుడు మీరు మునిగినా ఆయనకు నష్టం లేదు.

జీఎస్టీ బిల్లు కూడా అడగండి. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబర్‌ను జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అసలు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ వస్తాయి. కోట్లు సంపాదించానంటూ ఫీజు ఇంకెవరిదో ఫోన్‌పేకి వేయమన్నారంటే ఇక మాటలు అనవసరం.

అందరూ ఇలాంటివాళ్లేనని అనను. మా చెల్లి బీటీఎంలో ఒకాయన దగ్గర వీడియో ఎడిటింగ్ నేర్చుకుంది. ఆయన మొదటి రోజే "ఆరు నెలల దాకా పైసా రాదు" అనేశాడు, తాను చేసిన వీడియోలు ముందు పెట్టాడు.

ఇప్పటికే కట్టేసి, రిఫండ్ ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. డబ్బు తీసుకుని మాయమైతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చాట్‌లు, రసీదులు మాత్రం డిలీట్ చేయకండి.