సమాధానం: (1+టాన్ 1°)(1+టాన్ 2°)…(1+టాన్ 45°) ఎంత?

తమ్ముడూ, ఈ లబ్ధానికి ఒక్కో టాన్ విలువ వేసుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. చివరి కోణం 45° అని కనబడగానే, కలిపితే 45 వచ్చే జతలు వెతుకు: 1తో 44, 2తో 43, అలాగన్నమాట.

ఎ+బి=45° అయితే టాన్(ఎ+బి)=1. టాన్(ఎ+బి) సూత్రం రాసి, అంటే (టాన్ ఎ + టాన్ బి)/(1 − టాన్ ఎ·టాన్ బి) = 1 అని రాసి, అడ్డగుణకారం చేస్తే టాన్ ఎ + టాన్ బి + టాన్ ఎ·టాన్ బి = 1 వస్తుంది. రెండు వైపులా 1 కలుపు. ఎడమవైపు చక్కగా (1+టాన్ ఎ)(1+టాన్ బి) అయి కూర్చుంటుంది, కుడివైపు 2.

1 నుంచి 44 దాకా 22 జతలు, అంటే 2²². జత దొరకని 1+టాన్ 45° కూడా 2 కదా (దీన్ని వదిలేసి 2²² టిక్కు పెట్టొచ్చేవాళ్ళే ఎక్కువ!). జవాబు 2²³.

టాన్ 1°·టాన్ 2°…టాన్ 89° అడిగితే 90 వచ్చే జతలు చూసుకో, ఒక్కోటీ 1 అయిపోతుంది.