సరిహద్దు దాటిన హంతకుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఐడా లుపినో దర్శకత్వంలో 1953లో విడుదలైన అమెరికన్ చిత్రం ‘ది హిచ్-హైకర్’ను క్రిందటి సంచికలో పరిచయం చేసిన తరువాత గజపతి, గంజాం, రాయగడ జిల్లాల తెలుగు పాఠకులు చాలామంది ఆ చిత్రం చూసి ప్రశ్నలు పంపారు. ఆ పరిచయం చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. దారిలో కారు ఆపి ఎక్కించుకున్నవారినే చంపి దోచుకుపోయే ఎమెట్ మయర్స్ అనే హంతకుడి కోసం పోలీసులు గాలిస్తుంటారు. చేపల వేటకని బయలుదేరిన ఇద్దరు స్నేహితులు, రాయ్ కాలిన్స్, గిల్బర్ట్ బోవెన్, అతడెవరో తెలియక కారులో ఎక్కించుకుంటారు. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఎడారి గుండా శాంతా రొసాలియా రేవు దాకా తనను చేర్చమని అతడు తుపాకి చూపి బెదిరిస్తాడు. అక్కడి నుంచి అఖాతం దాటి గ్వైమాస్ చేరి మాయమైపోవాలని అతడి పథకం. చిత్రం నిడివి 71 నిమిషాలే.

ప్రశ్న: చిత్రంలో మెక్సికో మనుషులు స్పానిష్‌లో మాట్లాడుతున్నప్పుడు తెర కింద అనువాదం ఇవ్వలేదు. ఇది లోపమని మా పిల్లలంటున్నారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. మీరేమంటారు?
(ఒక పాఠకురాలు, పర్లాకిమిడి)

జవాబు: మీ మాటే నిజమమ్మా. అది లోపం కాదు సరికదా, ఈ చిత్రంలోని ఉత్కంఠకు ఆయువుపట్టు అక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం. కారులో ఉన్న ముగ్గురిలో బోవెన్ ఒక్కడికే స్పానిష్ వచ్చు. తుపాకి ఎవరి చేతిలో ఉందో ఆ మయర్స్‌కు రాదు. అందువల్ల దారిలో సరుకులు కొనవలసివచ్చినా, దారి అడగవలసివచ్చినా, అతడు తన బందీ మీదనే ఆధారపడాలి. బోవెన్ నోటి వెంట స్పానిష్ మాట వచ్చిన ప్రతిసారీ అతడు అనుమానంతో చూస్తాడు, ఇంగ్లీషులోనే మాట్లాడమని గద్దిస్తాడు. ఆ భాష రాని ప్రేక్షకుడు ఇష్టం లేకపోయినా మయర్స్ పక్కన నిలబడి, వాళ్ళేం మాట్లాడుకుంటున్నారోనని చెవులు రిక్కిస్తాడు. ఆ భాష వచ్చిన ప్రేక్షకుడు బోవెన్ పక్షాన ఉండి, ఎక్కడ ఏ మాట పొరపాటున జారుతుందోనని భయపడతాడు. కింద అనువాదం వేసి ఉంటే ఈ రెండు భయాలూ పోయి, సరుకుల బేరం ఒక్కటే మిగిలేది.

పల్లెటూరి అంగట్లో జరిగే ఘట్టాన్ని ఈ దృష్టితో మరొకసారి చూడండి. అక్కడ పైకి జరిగేదంతా మామూలు వ్యవహారమే. ఆ కొట్టులో ఒక చిన్నపాప ఉంటుంది. తుపాకి ఉన్న మనిషికి అంత దగ్గరగా ఆ పసిపిల్ల ఉండడం చూసి బోవెన్ ఆమెను తన దగ్గరకు తీసుకుంటాడు. ఆ పాపకు ఏమీ తెలియదు, కొట్టు మనిషికీ తెలియదు. మనకు తెలుసు, అయినా చెప్పడానికి వీలులేదు. దర్శకురాలు ఇక్కడ వాద్యఘోష మీదా, అరుపుల మీదా ఆధారపడలేదు. ఒక పెద్దమనిషి చేయి పాప చుట్టూ ఎలా బిగుసుకుంటుందో చూపించింది, అంతే.

మన ప్రాంతంవారికి ఈ ఘట్టం మరింత త్వరగా అర్థమవుతుందని నేను నమ్ముతున్నాను. పర్లాకిమిడి బజారులో కిరాణా కొట్టు యజమాని ఒకరితో తెలుగులో, వెంటనే మరొకరితో ఒడియాలో, సంత రోజున కొండ దిగివచ్చిన సవరలతో వారి మాటలో బేరం సాగిస్తాడు. పక్కన నిలబడ్డ కొత్తవాడికి అర్థంకాని భాషలో ఇద్దరు మాట్లాడుకుని నవ్వితే, ఆ నవ్వు తన గురించేమోనని అతడు ముఖం చిన్నబుచ్చుకోవడం మనం చూస్తూనే ఉంటాం. ఆ చిన్నపాటి అనుమానానికి చేతిలో తుపాకి తోడైతే ఏమవుతుందో ఐడా లుపినో చూపించింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మయర్స్ దృష్టిలో మెక్సికో జనం లెక్కలోకే రారు. వారి భాష నేర్చుకోవలసిన అవసరం గానీ, వారి ముఖాలు గమనించవలసిన అవసరం గానీ ఉన్నట్టు అతడికి తోచదు. చివరికి శాంతా రొసాలియాలో అఖాతం దాటించే మామూలు పడవ కాలిపోయిందని తెలిసి, అతడు చేపల పడవ ఒకటి కుదుర్చుకుంటాడు. ఆ పడవ తాలూకు స్థానికులే అతడిని గుర్తుపట్టి అధికారులకు కబురు చేస్తారు. తాను మనుషులుగా లెక్కచేయనివారి చేతనే పట్టుబడతాడు. ఆ కాలపు హాలీవుడ్ చిత్రాలు చాలావాటిలో మెక్సికో పాత్రలు నవ్వించడానికో, దొంగలుగానో కనిపిస్తే, ఇందులో వారు పనిమంతులుగా, ఆలోచనాపరులుగా, మర్యాదస్తులుగా కనిపిస్తారు. ఈ ఒక్క కారణానికే నేను ఈ చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూడమంటాను.

ప్రశ్న: హంతకుడి కోసం వేట అన్నారు. కాని పోలీసులు కనిపించేది చాలా తక్కువ. వేట ఎక్కడుంది?
(ఒక పాఠకుడు, గుణుపురం)

జవాబు: పోలీసుల వైపు నుంచి సాగే వేట చూడాలనుకుంటే 1948 నాటి ‘హీ వాక్డ్ బై నైట్’ చూడండి. లాస్ ఏంజెలెస్‌లో ఒక పోలీసును చంపినవాడి కోసం అక్కడి పోలీసు శాఖ సాగించిన గాలింపు ఆ కథ. సాక్షులు ఒక్కొక్కరు ఒక్కొక్క అవయవం గుర్తుచేసుకుంటుంటే హంతకుడి ముఖం ముక్కలు ముక్కలుగా తెర మీద రూపుకట్టే ఘట్టం, నగరం అడుగున వాననీటి సొరంగాలలో టార్చిలైట్ల వెలుగులో జరిగే చివరి తరుముడు చూసినవారు మరిచిపోలేరు. జాన్ ఆల్టన్ ఛాయాగ్రహణం ఆ చిత్రానికి ప్రాణం.

లుపినో పద్ధతి వేరు. ఆమె కెమెరాను కారులోనే ఉంచేసింది. వేటాడేవాళ్ళు ఎంత దూరంలో ఉన్నారో బందీలకు తెలియదు, రేడియో వార్తల ద్వారా అందినంతే తెలుస్తుంది. ఆ రేడియోను మయర్స్ కూడా వింటాడు గనుక, అతడు ధైర్యంగా ఉంటే బందీల ప్రాణాలు నిలుస్తాయని, గాలింపు ఇంకా అమెరికాలోనే సాగుతోందన్న భ్రమ కలిగించేలా అధికారులు వార్తలు చెప్పిస్తారు. మెక్సికో అధికారి ఆల్వరాడో, అమెరికా అధికారులు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆలోచించే ఆ ఘట్టాలు చిన్నవే అయినా, వాటివల్లనే కారులోని ప్రతి నిమిషానికి బరువు వస్తుంది.

మయర్స్ కన్ను సంగతి మీరు ప్రస్తావించలేదు గాని, నేను చెప్పక తప్పదు. అతడి కన్ను ఒకటి పూర్తిగా మూతపడదు. రాత్రి ఎడారిలో దుప్పటి కప్పుకుని పడుకున్న ఇద్దరు స్నేహితులకు అతడు నిద్రపోయాడో, మేలుకుని చూస్తున్నాడో తెలిసే దారి లేదు. పారిపోవడానికి అంత చీకటి, అంత విశాలమైన నేల ఉండి కూడా వారు కదలలేరు. కాపలావాడు నిద్రపోయినా కాపలా ఆగని ఆ ఏర్పాటు కన్నా భయంకరమైనది ఆనాటి చిత్రాలలో నాకు మరొకటి గుర్తుకురావడం లేదు. విలియమ్ టాల్మన్ ఆ పాత్రను ఎక్కడా అతిగా నటించకుండా పోషించాడు.

ఇద్దరూ ఒకరి గురించి ఒకరు ఆలోచించకపోతే ఒక్కడైనా తప్పించుకునేవాడని మయర్స్ వారిని ఎద్దేవా చేస్తాడు. కాలిన్స్‌గా ఎడ్మండ్ ఓబ్రయన్, బోవెన్‌గా ఫ్రాంక్ లవ్‌జాయ్ ఆ మాట విన్నప్పుడు బదులు చెప్పరు. ఒకరిని వదిలి ఒకరు పోకపోవడమే అతడికి అర్థంకాని విషయమని మనకు తెలుస్తుంది. కాలిన్స్ చేతిలో డబ్బా పెట్టించి, దానిని తుపాకితో కాల్చమని బోవెన్‌ను బలవంతపెట్టే ఘట్టంలో మయర్స్ గురి పెట్టింది ఆ స్నేహం మీదనే.

ప్రశ్న: ఇది నిజంగా జరిగిన కథేనా?
(ఒక ఉపాధ్యాయుడు, రాయగడ)

జవాబు: ఆధారం నిజమైనదే. బిల్లీ కుక్ అనే యువకుడు 1950 డిసెంబరు చివర, 1951 జనవరి మొదట ఆరుగురిని చంపాడు. వారిలో ఐదుగురు ఒకే కుటుంబంవారు, అందులో ముగ్గురు పిల్లలు. అతడికి కూడా కనురెప్ప లోపం ఉండేది. ఆ తరువాత ఇద్దరిని బందీలుగా పట్టుకుని బాహా కాలిఫోర్నియా దాకా తీసుకుపోయి, శాంతా రొసాలియాలో మెక్సికో పోలీసులకు దొరికిపోయాడు. 1952 డిసెంబరు 12న శాన్ క్వెంటిన్ జైలులో మరణశిక్ష అమలు చేశారు.

ఆనాటి హాలీవుడ్ నియమావళి నిజ నేరస్థుల కథలను ఉన్నవి ఉన్నట్టు తీయనిచ్చేది కాదు. అందువల్ల పేర్లు మారాయి, మృతుల సంఖ్య ముగ్గురికి తగ్గింది, పిల్లల హత్య తెర మీదకు రాలేదు. ప్రాణాలతో బయటపడిన ఆ ఇద్దరు బందీలతో లుపినో స్వయంగా మాట్లాడి, వారి అనుమతి తీసుకుంది. చిత్రంలో బందీల భయం అంత నిజంగా ఉండడానికి అదే కారణమని నేననుకుంటాను. పట్టుబడిన తీరు మాత్రం కల్పన: కుక్ విషయంలో అధికారి నేరుగా దగ్గరకు వెళ్ళి అతడి నడుముకున్న తుపాకి లాగేసుకున్నాడు, చిత్రంలో రేవు మీద రాత్రిపూట మాటువేసి పట్టుకుంటారు. చిత్రంలో అది అవసరమైన మార్పే. అప్పటిదాకా బిగించిన ఉత్కంఠ అంత తేలికగా విడిపోతే ప్రేక్షకుడు ఒప్పుకోడు.

ప్రశ్న: స్త్రీ పాత్రలు దాదాపు లేని ఈ చిత్రానికి స్త్రీ దర్శకత్వం వహించిందంటే ఆశ్చర్యంగా ఉంది. ఆ రోజుల్లో అది సాధ్యమేనా?
(ఒక విద్యార్థిని, బరంపురం)

జవాబు: సాధ్యం చేసుకున్నవారు చాలా కొద్దిమంది. ఐడా లుపినో 1918లో లండన్‌లో పుట్టి, హాలీవుడ్‌లో పేరున్న నటిగా నిలిచి, కాలియర్ యంగ్‌తో కలిసి ‘ది ఫిల్మేకర్స్’ అనే సొంత సంస్థ పెట్టి, ఇతరులు ముట్టుకోని విషయాలు తక్కువ ఖర్చుతో తీసింది. అమెరికా దర్శకుల సంఘంలో డొరొతీ అర్జ్‌నర్ తరువాత చేరిన రెండవ మహిళ ఆమె. ఈ చిత్రానికి కథనంలో కూడా ఆమె చేయి ఉంది.

ఇక్కడ మనవారి గురించి చెప్పకుండా ఉండలేను. సరిగ్గా అదే 1953లో భానుమతి గారు ‘చండీరాణి’కి దర్శకత్వం వహించి, తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీశారు. ఆవిడా నటీమణే, ఆవిడ వెనుకా సొంత సంస్థ భరణీ పిక్చర్స్ ఉంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా రెండు ఖండాల్లో ఇద్దరు నటీమణులు ఒకే దారి ఎంచుకున్నారు: స్టూడియో అధిపతుల అనుమతి కోసం వేచి ఉండకుండా, తమ సంస్థలో తమ చిత్రం తీయడం. మీరు సినిమా గురించి చదువుకుంటున్నానని రాశారు కాబట్టి, ఈ రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి పరిశీలించమని కోరుతున్నాను.

ప్రశ్న: పాతపట్నంలో నేరం చేసి పర్లాకిమిడి వచ్చేస్తే ఆంధ్ర పోలీసులు ఏమీ చేయలేరని మా ఊళ్ళో కొందరు అంటారు. చిత్రం చూశాక ఆ అనుమానం మళ్ళీ వచ్చింది.
(ఒక పాఠకుడు, కాశీనగర్)

జవాబు: అది అపోహ. వారంటు లేకుండా అరెస్టు చేసే అధికారం ఉన్న నేరంలో, నిందితుడిని వెంటాడుతూ పోలీసు అధికారి దేశంలో ఎక్కడికైనా వెళ్ళవచ్చునని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 48వ సెక్షన్ చెప్పేది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఆ వీలు ఉంది. చిత్రంలోది రెండు దేశాల సరిహద్దు, కనుక అక్కడ ఒకరి సహకారం ఒకరికి తప్పనిసరి అయింది. మనది రెండు రాష్ట్రాల సరిహద్దు.

ప్రశ్న: నేను చూసిన ప్రతిలో రాత్రి ఘట్టాలు నల్లటి మరకలా ఉన్నాయి. చిత్రమే అలా తీశారా?
(ఒక పాఠకుడు, పర్లాకిమిడి)

జవాబు: కాదు. ఈ చిత్రం అమెరికాలో కాపీరైటు లేకుండా ప్రజల సొత్తుగా ఉంది. అందుకే ఎవరికి తోచినట్టు వారు నాసిరకం ప్రతులు తీసి పంచుతున్నారు. ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా చీకటిని పొరలు పొరలుగా చిత్రించడంలో దిట్ట. వెనుక సీటులో మయర్స్ మొదట నీడగానే ఉండి, ముందుగా తుపాకి, తరువాత ముఖం వెలుగులోకి వచ్చే క్షణం పాడైన ప్రతిలో పూర్తిగా పోతుంది. 1998లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో ఈ చిత్రాన్ని చేర్చారు, బాగుచేసిన ప్రతులు కూడా వచ్చాయి. అలాంటి ప్రతి సంపాదించి, గదిలో దీపాలు ఆర్పి చూడండి. మయర్స్ ముఖం కనిపించే ఆ క్షణంలో తెర మీద నలుపు ఎన్ని రకాలుగా ఉందో గమనించి, మీకు ఏమనిపించిందో మాకు రాయండి.