వాయిదా అంటేనే వణికిపోతోంది.. మా చెల్లి కోలుకునేదెలా?

ప్రశ్న: మా చెల్లెలికి 29 ఏళ్లు. భర్త నడిపిన చిట్టీల వ్యవహారంలో కేసు పెట్టి, ఆమెనూ నిందితురాలిగా చేర్చారు. ఐదు నెలలు జైల్లో ఉండి, రెండు నెలల క్రితం బెయిలు మీద వచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ భర్త కొట్టేవాడు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. రాత్రంతా లైటు వేసుకుని కూర్చుంటుంది. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతుంది. బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకోదు. ఒక్కోసారి ఎంత పిలిచినా పలకదు, బిగుసుకుపోతుంది. వాయిదా ముందు రోజంతా వాంతులే. పోయిన వాయిదాకు వెళ్లనే లేదు. లాయరు అడిగితే తేదీలు ఒకసారి ఒకలా, మరోసారి ఇంకోలా చెబుతోంది. నిద్ర కోసం మెడికల్ షాపులో ఆల్ప్రాజోలం 0.5 తెచ్చి రోజూ వేస్తున్నాం. ‘అయిందేదో అయింది, మర్చిపో’ అని అందరం చెబుతున్నాం. ఏం చేయమంటారు? – ఒక సోదరి, కరీంనగర్

డాక్టర్ సలహా: అమ్మా, పోయిన వాయిదాకు వెళ్లలేదన్నారు కదా, ముందు లాయరుకు ఫోన్ చేయండి. ఆమెను పట్టుకుని తెమ్మని పోలీసులకు కోర్టు ఇచ్చే నాన్‌బెయిలబుల్ వారెంటు జారీ అయిందేమో ఇవాళే కనుక్కోండి. అయి ఉంటే, దాన్ని వెనక్కి తీసుకోమని రీకాల్ పిటిషన్ వేయించాలి. డాక్టరునైన నేను మందుల కన్నా ముందు ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. ఈ స్థితిలో ఆమె మళ్లీ జైలుకు వెళితే జబ్బు ముదురుతుంది.

నేరుగా చూడకుండా నిర్ధారించలేను గానీ, మీరు రాసినవి చాలావరకు పీటీఎస్‌డీ (పెద్ద ఆపద తర్వాత వచ్చే మానసిక జబ్బు) లక్షణాల్లా ఉన్నాయి. పెద్ద ఆపద గడిచాక కూడా అది ఇంకా జరుగుతున్నట్టే శరీరం కాపలా కాస్తూ ఉంటుంది. నెల దాటినా తగ్గకపోతే దానంతటదే పోతుందని ఎదురు చూడకూడదు. మీ చెల్లెలి విషయంలో ఏళ్ల తరబడి తిన్న దెబ్బలున్నాయి, వాటి మీద అరెస్టు, ఆ పైన జైలు. తప్పు చేసిందా లేదా అన్నది కోర్టు తేలుస్తుంది. చికిత్సకు దానితో పని లేదు.

ఈ జబ్బు లక్షణాల్లో రెండు బయటివాళ్లకు నేరంలాగే కనిపిస్తాయి. భయం పుట్టించిన చోటుకు వెళ్లలేకపోవడం మొదటిది. కోర్టుకు అది బెయిలు షరతు ఉల్లంఘన. రెండోది, జరిగినవి వరుసగా గుర్తుకు రాకపోవడం. విపరీతమైన భయంలో మెదడు సంఘటనలను ముక్కలు ముక్కలుగా దాచుకోవచ్చు, అప్పుడు తేదీలు అతకవు. వినేవాళ్లు అబద్ధం అనుకుంటారు. అందుకే సైకియాట్రిస్టు సర్టిఫికెట్ లాయరు చేతిలో ఉండాలి. అందులో లక్షణాలు, అవి ఎప్పటి నుంచి ఉన్నాయి, ఏ చికిత్స నడుస్తోంది అన్నవి చాలు. కేసు కథ రాయించకండి. డాక్టరుకు చెప్పినవి గోప్యంగానే ఉంటాయి, అయితే కోర్టు ఆదేశిస్తే రికార్డులు ఇవ్వక తప్పదు. ఈ సంగతి మొదటి రోజే ఆమెకు తెలియాలి.

ఆమె హాజరు తప్పనిసరి కాని వాయిదాలకు లాయరు మినహాయింపు పిటిషన్ వేయవచ్చు. పాత సీఆర్‌పీసీలో 317 పిటిషన్ అంటారే, దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడది సెక్షన్ 355. స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టాలన్న షరతు ఉంటే, దాన్ని సడలించమని కూడా కోర్టును అడగవచ్చు. లాయరు ఫీజు భారమైతే, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం మీరు పైకి రాయనిదే. భర్తా అదే కేసులో ఉన్నాడు. అంటే ప్రతి వాయిదాకు, తనను కొట్టిన మనిషి పక్కనే ఆమె నిలబడాలి. ఆ వాంతులు జడ్జికి భయపడా, అతనికి భయపడా? ఎవరూ లేనప్పుడు మెల్లగా అడిగి చూడండి. చెప్పకపోతే రెట్టించవద్దు. అతను ఫోన్లు చేస్తున్నా, బెదిరిస్తున్నా గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. 181 మహిళా హెల్ప్‌లైన్ వాళ్లు దారి చూపిస్తారు. అతని వల్ల ప్రమాదం ఉన్నంతకాలం ఏ థెరపీ అయినా సగమే పనిచేస్తుంది.

వాయిదాకు వారం ముందు, తన కేసు లేని రోజున, ఆమె ఒప్పుకుంటే ఒకసారి ఆ ఆవరణకు తీసుకెళ్లండి. ఏ గేటు నుంచి వెళ్లాలి, ఏ హాలు, టాయిలెట్ ఎక్కడ, భర్తకు దూరంగా ఎక్కడ కూర్చోవచ్చు, అన్నీ చూసుకుని వచ్చేయండి. వాయిదా రోజు పొద్దున ఖాళీ కడుపుతో పంపకండి, రెండు ఇడ్లీలైనా తినాలి. నీళ్ల సీసా, ఎండు ఉసిరి ముక్కలు సంచిలో పెట్టండి. మనసు అదుపు తప్పుతున్నట్టు అనిపిస్తే ఆ పులుపు నాలుక మీద పెట్టుకుని, అరికాళ్లు నేలకు గట్టిగా అదిమి, కళ్లు తెరిచే ఉంచి ఊపిరి మెల్లగా వదలాలి. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం. కళ్లు మూసుకోమని మాత్రం చెప్పవద్దు. చాలామందికి కళ్లు మూయగానే పాత దృశ్యాలు ముంచుకొస్తాయి. ఆ రోజు ఏ కొత్త మాత్రా మొదలుపెట్టకండి. పొద్దున ఆల్ప్రాజోలం వేసి పంపితే మాట ముద్దగా వస్తుంది, ఉన్న జ్ఞాపకం కూడా మసకబారుతుంది. తిరిగొచ్చాక ‘ఏమన్నారు, ఏమైంది’ అని అందరూ చుట్టూ చేరవద్దు. లాయరుతో మీలో ఒకరు మాట్లాడుకుంటే చాలు.

బిగుసుకుపోయినప్పుడు భుజం పట్టి కుదపకండి. రెండడుగుల దూరంలో, ఆమెకు కనిపించేలా నిలబడి, పేరు పెట్టి పిలిచి ‘నువ్వు మన ఇంట్లో ఉన్నావు, నేను అక్కని, ఇవాళ మంగళవారం’ అని నెమ్మదిగా చెబుతూ ఉండండి. తేరుకున్నాక ఏమైందని ఆరా తీయకండి. ఇంట్లో ఆమె గదిలోకి వెళ్లేవాళ్లు ముందు బయటి నుంచే పేరు చెప్పాలి. రాత్రి లైటు ఉండనివ్వండి, బాత్‌రూమ్ తలుపు జోలికి వెళ్లకండి. ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి అన్న చిన్న నిర్ణయాలు ఆమెకే వదలండి. జైల్లో ఇవన్నీ ఇంకొకరి చేతుల్లో ఉండేవి. ‘మర్చిపో’ అన్న మాట ఆపేయండి. అలాగే జరిగిందంతా ఒక్కసారి కక్కేస్తే తేలికవుతుందని బలవంతంగా చెప్పించకండి, దానివల్ల కీడు జరగవచ్చు.

ఆల్ప్రాజోలం ఈ జబ్బుకు మందు కాదు, అలవాటుగా మారుతుంది. అలాగని ఉన్నపళంగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. వారానికో రెండు వారాలకో కొంత చొప్పున, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మందుల్లో సెర్ట్రాలిన్ ఒకటి. సాధారణంగా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 50కి పెంచుతారు. మొదటి వారం వికారం, కాస్త గాభరా ఉండవచ్చు. చాలామంది అక్కడే ఆపేస్తారు. గుణం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మందుతో పాటు పీటీఎస్‌డీకి ప్రత్యేకించిన సీబీటీ (ఆలోచనలు, ప్రవర్తనలను మార్చే మాటల చికిత్స) గానీ, ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాలను ఎదుర్కొనే చికిత్స) గానీ అవసరం. మామూలుగా 8 నుంచి 12 సెషన్లు ఉంటాయి. ఏళ్ల హింస ఉన్నచోట ఇంకా ఎక్కువే పట్టవచ్చు. మొదటి సెషన్లు నిద్ర, భద్రత గురించే సాగాలి. పాత సంఘటనల జోలికి ఎప్పుడు వెళ్లాలన్నది ఆమె ఇష్టం.

హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలూ చేయించండి. నెలసరి తప్పిందేమో అడగండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే టీబీ పరీక్ష తప్పనిసరి. లోపలి పరీక్ష అవసరమైతే మహిళా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి. జైలు నాటి ఒంటి తనిఖీలు గుర్తొచ్చి అక్కడే బిగుసుకుపోవచ్చు. ప్రతి అడుగూ ముందే చెప్పి చేయమని, ‘ఆపండి’ అనగానే ఆపమని డాక్టరును ముందే కోరండి.

వైద్యానికి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లవచ్చు, లేదా మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీలో అడగండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. జైలు నుంచి వచ్చిన తొలి వారాలు, నెలల్లో ఆత్మహత్య ముప్పు ఎక్కువ. మాత్రలు, పురుగుమందు తాళం వేసి ఉంచండి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా’ అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఔనంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి.