34వ లైను కాదు, 24వ లైను చూడండి

(ఈ నెల జవాబులు: టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఇరవై రెండేళ్లుగా ట్యాక్స్ రిటర్నులు చేస్తున్న గుంటూరు ఆడపడుచు)

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ‘గవర్నమెంటు నాలుగు వేల డాలర్లు ఇచ్చిందమ్మా’ అని సంబరంగా ఫోను చేశాడు. మీరేమో అక్కడ పన్నుల బరువు ఎక్కువని రాస్తారు. ఏది నిజం?
– ఓ తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి వచ్చింది గవర్నమెంటు సొమ్ము కాదు, అతని సొమ్మే. ఏడాది పొడుగునా జీతంలోంచి ఎక్కువ పట్టుకుని, వడ్డీ లేకుండా వాడుకుని, ఆ ఎక్కువైంది తిరిగిచ్చారు.

పోయిన వారం ఒక కుర్ర జంట రిఫండు వచ్చిన సంతోషంలో మైసూర్‌పాక్ డబ్బా పట్టుకుని మా ఇంటికొచ్చారు. ‘ఏడాది మొత్తానికి ఎంత పన్ను కట్టారో తెలుసా?’ అనడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏటా పన్ను లెక్క దాఖలు చేసే ఫారం 1040 రెండో పేజీలో ఆ అమ్మాయి వేలు 34వ లైను మీద ఉంది. ఎక్కువ కట్టిన సొమ్ము, అంటే రిఫండుగా రావాల్సింది, కనిపించేది అక్కడే. ఆ వేలు పట్టుకుని పైకి, 24వ లైను దగ్గరికి తీసుకెళ్లాను. కట్టిన పన్ను అసలు లెక్క అది. తర్వాత, జీతం, పట్టుకున్న పన్ను లెక్క చూపిస్తూ కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 కాగితంలో 4, 6 గడులు చూపించాను. సోషల్ సెక్యూరిటీకి (రిటైరయ్యాక వచ్చే పింఛనుకి) 6.2 శాతం, మెడికేర్‌కి (పెద్దవాళ్ల ఆరోగ్య బీమాకి) 1.45 శాతం. ఇవి 24వ లైనులో కూడా కనపడవు. కంపెనీ కూడా అంతే కడుతుంది. ఆ డబ్బూ పనిచేసిన మనిషి చేతికి రావాల్సిందేనని నేను నమ్ముతాను. కూడికలు అయ్యాక ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

జీతంలోంచి ముందే కోసుకునే ఈ పద్ధతి 1943లో, రెండో ప్రపంచ యుద్ధం ఖర్చుల కోసం వచ్చింది. దాన్ని తయారుచేసిన ట్రెజరీ ఉద్యోగుల్లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకరు. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలని తర్వాత జీవితమంతా వాదించిన ఆర్థికవేత్త ఆయనే. ఆ ప్రభుత్వం పెరగడానికి తానే ఒక చెయ్యి వేశానని పెద్దవయసులో బాధపడ్డారు. అంతకుముందు జనం తమ చేత్తో తామే పన్ను చెక్కు రాసేవారు. చెక్కు రాసే చేతికి నొప్పి తెలుస్తుంది. చేతికి రాకముందే పోయే డబ్బుకి ఆ నొప్పి ఎక్కడిది?

పన్ను గడువు ఏప్రిల్ 15. ఓటు 2026లో నవంబరు 3న. మధ్యలో ఆరున్నర నెలలు. గడువును ఎన్నికల ముందురోజుకి మార్చాలని మా కన్సర్వేటివ్‌లలో కొందరు చాలాకాలంగా అడుగుతున్నారు. నా కోరికా అదే. సోమవారం పన్ను కట్టి మంగళవారం ఓటు వేయనివ్వండి. కొత్త ఖర్చు ప్రకటించబోయే ఏ పార్టీ అభ్యర్థి అయినా ముందు ఆగి ఆలోచిస్తాడు.

ప్రశ్న: టిప్పుల మీద, ఓవర్‌టైమ్ మీద పన్ను తగ్గించారు. మీరు రిపబ్లికన్ ఓటరు కాబట్టి సంతోషమేగా?
– ఓ పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: సగమే సంతోషం. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం 2017 నాటి రేట్లను శాశ్వతం చేసింది. అది చాలా మంచి పని. చెయ్యకపోతే 2026 నుంచి 12 శాతం శ్లాబు 15కి, 22 శాతం శ్లాబు 25కి పెరిగేవి. స్టాండర్డ్ డిడక్షన్ దాదాపు సగానికి పడిపోయేది. ఇద్దరు పిల్లల్ని పెంచుకునే సంసారానికి అది పెద్ద దెబ్బ.

టిప్పుల సంగతి వేరు. అదే చట్టంలో వాటికి ఏడాదికి 25,000 డాలర్ల వరకు మినహాయింపు ఇచ్చారు. ఒకే హోటల్లో వడ్డించే అమ్మాయికి అది దొరుకుతుంది. లోపల పొయ్యి దగ్గర నిలబడి, టిప్పులేవీ రాకుండా అంతే సంపాదించే వంటాయనకి దొరకదు. ఇద్దరి చెమటా ఒకటే కదండీ! పైగా టిప్పులకీ ఓవర్‌టైమ్‌కీ ఇచ్చిన మినహాయింపులు 2028తో ఆగిపోతాయి. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది. పొడిగిస్తామని రెండు పార్టీలూ అప్పుడు పోటీపడి మాటిస్తాయి.

1986లో అప్పటి రిపబ్లికన్ అధ్యక్షుడు రేగన్ దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లారు. చాలా మినహాయింపులు ఎత్తేసి, అన్నిటికన్నా పై రేటును 50 నుంచి 28 శాతానికి దించారు. డెమొక్రాట్ సెనేటర్ బిల్ బ్రాడ్లీ కూడా దానికోసం గట్టిగా పనిచేశారు. ఆ బిల్లు మొదటిసారి సెనేట్‌కి వచ్చినప్పుడు 97-3 ఓట్లతో నెగ్గింది. నేను ఓటు వేసేవాళ్ల నుంచి అలాంటి పని కోరుకుంటాను.

ఇంకో మాట మా పార్టీవాళ్లకే చెబుతున్నాను. 2024లో ఈ దేశం అప్పుల మీద కట్టిన వడ్డీ రక్షణ ఖర్చును దాటింది. ఖర్చు తగ్గించకుండా పన్ను మాత్రమే తగ్గిస్తే, మిగతాది మన పిల్లల పేరున రాసిపెట్టినట్టే. ఎన్నికల సభల్లో ఈ మాట ఎత్తేవాళ్లు కరువైపోయారు.

ప్రశ్న: అమెరికా నుంచి ఇంటికి డబ్బు పంపితే పన్ను పడుతుందట. నిజమా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: 2026 జనవరి 1 నుంచి 1 శాతం. అదీ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కు లాంటివి ఇచ్చి పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచి గానీ, అమెరికాలో ఇచ్చిన డెబిట్, క్రెడిట్ కార్డుతో గానీ పంపితే లేదు. మొదట 5 శాతమన్నారు, ప్రతినిధుల సభ 3.5కి ఒప్పుకుంది, చివరికి ఇక్కడ తేలింది. ఒకసారి పన్ను కట్టేసిన డబ్బు మీద మళ్లీ పన్నేమిటి? నాకిది ఇష్టం లేదు.

ప్రశ్న: మేము హెచ్-1బి మీద ఉన్నాం. ఓటే లేదు, ఈ గొడవంతా మాకెందుకు?
– ఓ పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: ఓటు లేకపోయినా పన్ను ఉంది కదమ్మా. మన రాష్ట్రంలో ఆదాయపు పన్ను లేదుగానీ ఇంటి పన్ను గట్టిగానే ఉంటుంది. మీరు ఉండే ఇల్లు సొంతమైతే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి (ఇంటి విలువలో కొంత భాగానికి పన్ను మినహాయింపుకి) దరఖాస్తు పెట్టారో లేదో ఈరోజే చూసుకోండి. స్కూలు పన్నుకి సంబంధించి దాన్ని లక్ష డాలర్ల నుంచి 1,40,000కి పెంచుతూ 2025 నవంబరులో ఓటర్లు తీర్పిచ్చారు. ఇంటి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ పంపే నోటీసులో ఇంటి విలువ ఎక్కువ వేశారనిపిస్తే మే 15లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా అభ్యంతరం పెట్టొచ్చు. ఈ రెంటిలో ఏ తేదీ తర్వాత వస్తే అదే గడువు. దానికి పౌరసత్వం అక్కర్లేదు.