ఎకోలో కనిపించే వేరియబుల్ ప్రోగ్రామ్‌కి ఎందుకు కనిపించదు?

అమలాపురంలో ఇంజినీరింగ్ చదివే తమ్ముడి ప్రశ్న ఇది: "లైనక్స్ టెర్మినల్‌లో జావా హోమ్ వేరియబుల్ పెట్టాను. ఎకో కమాండ్ కొడితే విలువ వస్తోంది, ప్రోగ్రామ్ మాత్రం లేదంటోంది."

ఇక్కడ ఎకోని నమ్మకు తమ్ముడూ. డాలర్ గుర్తు పెట్టిన పేరు స్థానంలో విలువ వేసేది షెల్, అంటే టెర్మినల్‌లో నువ్వు కొట్టే కమాండ్లని చదివి నడిపేది. ఎకో చేతికి వచ్చేసరికే అది మామూలు అక్షరాలు. అందుకే ఎక్స్‌పోర్ట్ చేయనిది, అంటే ప్రోగ్రామ్‌లకి అందేలా వదలనిది కూడా కనిపిస్తుంది. ప్రోగ్రామ్‌కి ఏం అందుతుందో చూడాలంటే ప్రింట్‌ఎన్వ్ కొట్టి, పక్కన డాలర్ లేకుండా పేరు ఇవ్వు. ఏమీ రాకపోతే ఎక్స్‌పోర్ట్ కాలేదన్నమాట. పేరు ఇవ్వకపోతే మొత్తం జాబితా వస్తుంది; ఎన్వ్ కమాండ్ చూపించేదీ అదే. సెట్ కొడితే మాత్రం షెల్ సొంత వేరియబుల్స్, బాష్ అనే షెల్‌లో అయితే ఫంక్షన్లతో సహా వచ్చి పడతాయి. అందులో వెతుక్కోవడం నరకం.

మన కాలువలే చూడు. ధవళేశ్వరం నుంచి వచ్చిన నీరు కాలువలో నిండుగా ఉన్నా, తూము ఎత్తితేనే బోదెలోకి దిగుతుంది. ఎక్స్‌పోర్ట్ అంటే ఆ తూము ఎత్తడం. బోదె నీళ్లు కాలువకి ఎదురెక్కవు. ప్రోగ్రామ్ తన కాపీలో ఏం మార్చినా నీ షెల్‌కి తెలియదు.

ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ అయితే, ప్రాక్ డైరెక్టరీలో దాని ప్రాసెస్ నంబర్ కింద ఎన్విరాన్ అనే ఫైలు చూడు. అందులో ఉండేవి అది మొదలైనప్పటి విలువలు, అన్నీ ఒకే లైనులో అతుక్కుని ఉంటాయి. తర్వాత నువ్వు ఎక్స్‌పోర్ట్ చేసింది దానికి అందదు, ఆపి మళ్లీ నడపాల్సిందే.

అన్నట్టు, ఎన్వ్ స్క్రీన్‌షాట్ గ్రూపులో పెట్టేముందు ఒకసారి చూసుకో. పాస్‌వర్డ్‌లు ఉండొచ్చు.