వినడానికి కూర్చునే ముందు: పరిచర్యకు వెళ్తున్న మేనకోడలికి

ప్రభువునందు ప్రియమైన మేనకోడలికి, మేనత్త వ్రాయునది. వందనాలు.

మహబూబ్‌నగర్ వైపు సంఘాలలో స్త్రీల పరిచర్యకు నిన్ను పంపుతున్నారనీ, లైంగిక దాడికి గురైన స్త్రీలకూ పిల్లలకూ తోడుగా ఉండే పనిని ప్రత్యేకంగా నీకే అప్పగించారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఏం చేయాలో, ఏం చేయకూడదో రాసి పంపమని అడిగావు గనుక, మిషన్ ఆసుపత్రి స్త్రీల వార్డులో నర్సుగానూ, ఆ తరువాత స్త్రీల సమాజంలోనూ నేను నేర్చుకున్నది రాస్తున్నాను. నేను చెప్పదలచినది మొత్తానికి ఒక్కటే. దాడి చేసినవాడు ఆమె దగ్గర ముందుగా లాక్కున్నది ‘వద్దు’ అనే హక్కును. నీవు చేసే ప్రతి చిన్న పనీ ఆ హక్కును తిరిగి ఆమె చేతిలో పెట్టేదిగా ఉండాలి. ఎంత మంచి ఉద్దేశంతోనైనా, ప్రార్థన పేరుతోనైనా, ఆమె ఇష్టాన్ని దాటి నీవు చేసే పని ఆమె దేహానికి ఆ పాత సంగతినే గుర్తు చేస్తుంది.

ఒకసారి ఉపవాస ప్రార్థన కూటంలో, ఎన్ని మందులు వాడినా కడుపునొప్పి తగ్గడం లేదని చెప్పిన ఒకామెను మధ్యలో కూర్చోబెట్టి, చుట్టూ నిలబడిన స్త్రీలు తల మీదా భుజాల మీదా చేతులు వేసి గట్టిగా ప్రార్థించసాగారు. నేను ఎదురుగా ఉన్నాను. ఆమె వేళ్ళు చాప అంచును గోళ్ళు తెల్లబడేంతగా పట్టుకున్నాయి; కళ్ళు మాత్రం రెప్ప వేయకుండా తలుపు గడియ మీదే నిలిచాయి. ఆత్మ తాకుతున్నదని ఒకరు, దయ్యం వదలడం లేదని మరొకరు అన్నారు. అందరినీ చేతులు తీయమని చెప్పి, తలుపు తెరిపించి, గ్లాసుడు నీళ్ళు ఆమె ముందు పెట్టి, “ఇక్కడే ఉంటావా అమ్మా, వరండాలోకి వెళ్దామా?” అని అడిగాను. చాలాసేపటికి “వరండా” అంది. ఆ రోజుకు అంతే. నెలలు గడిచాక గాని అసలు సంగతి ఆమె నోటి నుండి రాలేదు. అప్పుడైనా తనంతట తానే వచ్చి చెప్పింది, ఎవరూ గుచ్చి అడగలేదు.

కాబట్టి గదిలో తలుపు దగ్గరి కుర్చీ ఎప్పుడూ ఆమెదే కావాలి. గడియ వేయకు. ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూడడం కంటే కాస్త పక్కగా కూర్చోవడం మేలు. చేయి పట్టుకోవాలన్నా, కన్నీళ్ళు తుడవాలన్నా, ప్రార్థించాలన్నా ముందు అడుగు. ఆమె వద్దంటే నీ ముఖం మీద చిన్నబుచ్చుకున్న ఛాయ కూడా కనిపించకూడదు, ఎందుకంటే ఆమె చూసేది దానినే. స్త్రీలను పరీక్షించడానికి స్త్రీ వైద్యులు ఉండాలనే కదా 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అంత పాటుపడి 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అయినా స్త్రీవి అయినంత మాత్రాన ఆమె నీ దగ్గర నోరు విప్పుతుందని అనుకోకు. పాస్టరమ్మ చెవిన పడితే ఊరంతటికీ తెలుస్తుందనే భయం మన సంఘాలలో ఊరికే పుట్టలేదు.

“ఎందుకు వెళ్ళావు?”, “ఎందుకు అరవలేదు?”, “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అనే మూడు ప్రశ్నలనూ నీ నోటి నుండి తీసేయి. భయం ముంచుకొచ్చినప్పుడు కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోవడం, గొంతు పెగలకపోవడం మనిషి దేహానికి సహజం. అరవకపోవడం ఒప్పుకోవడం కాదు. జ్ఞాపకం కూడా వరుసగా రాదు. వాడి చొక్కా రంగు గుర్తుండి వారం గుర్తుండకపోవచ్చు, నిన్న ఒకలా నేడు ఒకలా చెప్పవచ్చు. అంతమాత్రాన అబద్ధమని తేల్చకు. ఇటువంటివారిలో కొందరు ఉన్నట్టుండి బిగుసుకుపోతారు, పిలిచినా పలకరు, ఫిట్స్ వచ్చినట్టు పడిపోతారు. అటువంటప్పుడు దయ్యాన్ని గద్దించడం, బలవంతంగా ఉపవాసం ఉంచడం, డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపించడం వంటివి నీ కళ్ళెదుట జరగనివ్వకు. నెమ్మదిగా పేరు పెట్టి పిలువు, ఎక్కడున్నదో చెప్పు, పాదాలు నేలకు ఆనించమను. తరువాత మానసిక వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళు; దగ్గరలో ఎవరూ లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన ఉండగా డాక్టరెందుకని అనేవారికి, మన మిషనరీలు గుడి పక్కనే ఆసుపత్రి ఎందుకు కట్టారో చెప్పమని నా తరఫున అడుగు.

క్షమాపణ గురించి కాస్త ఎక్కువగా రాయాలి, ఎందుకంటే మన సంఘాలు ఎక్కువగా గాయపరిచేది ఇక్కడే. బాధితురాలు సంగతి చెప్పి ముగించకముందే “క్షమించు తల్లీ, వాక్యం అదే చెబుతున్నది” అనేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వారిని రెండవ సమూయేలు 13వ అధ్యాయం చదవమను. రాజకుమార్తె తామారు తన మీదికి వచ్చిన సవతి అన్నను వద్దని వేడుకున్నది, ఇది ఇశ్రాయేలులో తగని పని అని వాదించింది, జరిగిన తరువాత తల మీద బూడిద పోసుకుని, వస్త్రం చింపుకుని, ఏడుస్తూ నడిచి వెళ్ళింది. సొంత అన్న అబ్షాలోము ఊరకుండమన్నాడు. తండ్రి దావీదుకు కోపం వచ్చింది గాని ఏమీ చేయలేదు. ఇంటివారు నొక్కిపెట్టిన గొంతును లేఖనం నొక్కిపెట్టలేదు. ఆమె మాటలను మాటలుగానే రాసి ఉంచింది. ప్రసంగ వేదిక మీద ఈ అధ్యాయాన్ని చదివిన బోధకులు నాకు చాలా తక్కువగా కనిపించారు. నీవు స్త్రీల కూటంలో చదువు, పెద్దగా వ్యాఖ్యానం చేయకు. విన్నవారిలో ఎవరో ఒకరు కూటం అయ్యాక నీ కోసం ఆగుతారు.

చీము ఉన్న పుండును పైన కుట్టేస్తే ఏమవుతుందో వార్డులో పని చేసినవారికి తెలుసు. దానిని తెరిచి ఉంచి, రోజూ కడిగి, అడుగు నుండి మానుతూ పైకి రానివ్వాలి. క్షమాపణ కూడా ఆమె లోపల నుండి, ఆమె గడువులో వస్తే వస్తుంది. రాకపోతే ఆమె విశ్వాసంలో తక్కువదని ఎవరూ తీర్పు చెప్పకూడదు. కోపంగా ప్రార్థించాలనుకుంటే ప్రార్థించనివ్వు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అదీ మన బైబిలులోనిదే. ఆమె క్షమించినా కేసు మూసివేయాలని గాని, వాడిని మళ్ళీ ఇంట్లోకో గుడిలోకో రానివ్వాలని గాని దాని అర్థం కాదు. అవి వేరు సంగతులు.

సాక్ష్యం విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కాస్త కోలుకోగానే కన్వెన్షన్ వేదిక మీద నిలబెట్టి చెప్పించాలన్న ఆత్రం మనవారికి ఎక్కువ. చెప్పడం ఆమె కోరికైనా కొంతకాలం ఆగమను. ‘ప్రార్థన అంశం’ అంటూ వాట్సాప్‌లో ఊరు, వయసు, తండ్రి పని రాసి పంపితే పేరు రాయకపోయినా ఎవరో తెలిసిపోతుంది. బాధితురాలి గుర్తింపు తెలిసేలా ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు శిక్ష పడగల నేరం. విరాళాలు ఇచ్చేవారికి పంపే రిపోర్టులో ఆమె ఫోటో, ఆమె కథ పెట్టమని పైనుండి అడుగుతారు. ఆ ఒక్క విషయంలో నీవు మొండిదానివని పేరు తెచ్చుకున్నా నాకు సంతోషమే.

ఇక పిల్లల సంగతి. ఇంతవరకు ఆమె ఇష్టమే ముఖ్యమని రాశాను గాని, పద్దెనిమిదేళ్ళు నిండనివారి విషయంలో చట్టం నీకు ఆ వెసులుబాటు ఇవ్వదు. పిల్లలను లైంగిక నేరాల నుండి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు, సంస్థ బాధ్యులు తమ కింద పనిచేసేవారి నేరాన్ని దాచితే ఏడాది వరకు శిక్ష ఉంది. పాస్టరు విన్నాడనో, ప్రార్థనలో చెప్పుకున్నదనో మినహాయింపు ఏదీ అందులో రాయలేదు. మగపిల్లలకూ ఈ చట్టమే వర్తిస్తుంది. హాస్టళ్ళలో వారి మాట ఇంకా తక్కువగా బయటికి వస్తుంది గనుక వారినీ కనిపెట్టుకుని ఉండు. అందువల్ల ఏ పిల్లకూ “ఎవరికీ చెప్పను” అని మాట ఇవ్వకు. ఆమె మొదలుపెట్టకముందే, “నీవు చెప్పేది ఊరిలో ఎవరికీ చెప్పను, నిన్ను ఎవరైనా బాధపెడుతుంటే ఆపగలిగినవారికి మాత్రం చెప్పవలసి వస్తుంది, అప్పుడు నేను నీ పక్కనే ఉంటాను” అని చెప్పు. ఆ తరువాత కూడా ఎంపికలు మిగిలే ఉంటాయి: వాంగ్మూలం ఇంట్లో ఇవ్వవచ్చు, తనకు నచ్చిన మరో చోటైనా ఇవ్వవచ్చు; వచ్చే పోలీసు అధికారి యూనిఫాంలో ఉండకూడదు; పక్కన తాను నమ్మినవారిని ఉంచుకోవచ్చు. వీటిని ఒక్కొక్కటిగా అడుగు. పిల్లల సహాయ ఫోను నంబరు 1098ని హాస్టల్ గోడ మీద పిల్లల కంటి ఎత్తులో రాయించు.

1901లో తిరునెల్వేలి ప్రాంతంలో హిందూ దేవాలయానికి అప్పగించబడిన ఒక చిన్నపిల్ల పారిపోయి మిషనరీ ఎమీ కార్మైకేల్ దగ్గరికి వచ్చింది. దోహ్నావూరులో పిల్లల కోసం జరిగిన పని అంతా అక్కడి నుండే మొదలైంది. అంతకుముందు ఒకసారి ఆ పిల్ల తల్లి దగ్గరికే పారిపోతే, తల్లి భయపడి తిరిగి అప్పగించింది. పిల్ల మొదటిసారి చెప్పినప్పుడు పెద్దలు వెనక్కి పంపడం నేటికీ జరుగుతున్నది. నీ దగ్గరికి వచ్చేది రెండవసారో మూడవసారో అయి ఉంటుందని అనుకునే విను.

సంగతి కొత్తగా జరిగినదైతే గడియారం చూసుకో. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపల మొదలుపెట్టాలి, గర్భం రాకుండా ఇచ్చే మాత్ర ఎంత ముందు వేసుకుంటే అంత మంచిది. వేసుకున్న బట్టలు ఉతకకుండా కాగితం సంచిలో పెట్టించు, ప్లాస్టిక్‌లో వద్దు. అప్పటికే స్నానం చేసి ఉంటే ఒక్క మాట కూడా అనకుండా అలాగే తీసుకువెళ్ళు. ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చేయాలి, ముందు ఎఫ్ఐఆర్ తెమ్మనకూడదు. యోనిలో వేళ్ళు పెట్టి చూసే ‘రెండు వేళ్ళ పరీక్ష’ను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది, 2022లో మళ్ళీ గట్టిగా నిషేధించింది. ఎవరైనా చేయబోతే ఆపు. ఏ పరీక్షకైనా ఆమె సమ్మతి కావాలి. గర్భం నిలిచి ఉంటే, అత్యాచార బాధితులకు 24 వారాల వరకు గర్భస్రావానికి చట్టం ఇచ్చే వీలు గురించి డాక్టరు చేత చెప్పించు. ఈ విషయంలో మన సంఘం బోధ నీకు తెలుసు, నా మనసూ తెలుసు. అయినా ఆ సమాచారాన్ని ఆమెకు దాచే అధికారం నీకూ లేదు, నాకూ లేదు. సఖి కేంద్రంలో పోలీసు, వకీలు, కౌన్సిలరు, తాత్కాలిక వసతి ఒకే చోట దొరుకుతాయి, మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేస్తే దారి చెబుతారు.

రాజీ కుదిర్చే పెద్దలు తప్పకుండా వస్తారు. డబ్బు ఇప్పిస్తామనీ, పెళ్ళి చేస్తామనీ, సంఘం పరువనీ అంటారు. అత్యాచారం కేసులో రాజీ అనేదే ఉండకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది, నీవూ అదే మాట చెప్పి కూర్చో. నిందితుడు బోధకుడో, సంఘ పెద్దో అయితే విచారణ తేలేదాకా వేదిక, సండే స్కూలు, హాస్టల్ తాళాలు అతని చేతిలో ఉండకూడదు. “అభిషిక్తుని ముట్టకూడదు” అనేవారికి, నాతాను ప్రవక్త దావీదు ముఖం మీదనే “ఆ మనుష్యుడవు నీవే” అన్నాడని గుర్తుచేయి.

నీవు వెళ్ళే జిల్లాలో, దేవత పేరిట అప్పగించబడి జోగినీలుగా చేయబడిన స్త్రీలను కూడా చూస్తావు. ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది, గాయం మాత్రం తరాలది. నిజామాబాదు వైపు ఈ స్త్రీల కోసం పాటుపడిన హేమలతా లవణం మన జాషువా కవి కుమార్తె. నాస్తిక ఉద్యమంలో ఉండి ఆ పని చేసింది. అటువంటివారితో కలిసి పనిచేయడానికి సందేహించకు. ఇంకొకటి: నీ సహాయానికీ బాప్తిస్మానికీ ముడి పెట్టకు. కష్టంలో ఉన్న స్త్రీ నిన్ను సంతోషపెట్టడానికి దేనికైనా తల ఊపుతుంది. ఆ తల ఊపడాన్ని విశ్వాసంగా లెక్కలో రాసుకోకు. యేసును గురించి ఆమె అడిగిన రోజున చెప్పు.

నీ సంగతి కూడా చూసుకో. ఒంటరిగా ఈ పని చేయకు, ఇంకొక స్త్రీని తోడు పెట్టుకో. విన్నవి రాత్రి నిద్రలోకి వస్తుంటే కౌన్సిలరు దగ్గరికి నీవే వెళ్ళు.

వెళ్ళిన మొదటి వారంలోనే సఖి కేంద్రానికీ, పోలీసు స్టేషనులోని మహిళా ఎస్ఐ దగ్గరికీ, జిల్లా ఆసుపత్రి లేడీ డాక్టరు దగ్గరికీ స్వయంగా వెళ్ళి పరిచయం చేసుకో. అవసరం పడిన రాత్రి కొత్త ముఖంతో వెళ్ళడం కష్టం. పిల్లల భద్రత గురించి సంఘ కమిటీ చేత ఒక తీర్మానం రాయించి, మినిట్స్‌లో ఎక్కించి, సంతకాలు తీసుకో. సంతకం పెట్టడానికి వెనుకాడినవారు ఎవరో గమనించి, నకలు నాకు పంపు.

ఇట్లు,
ప్రభువునందు నీ మేనత్త